పాత లేత్‌కు కొత్త చక్, కొత్త టూల్ పోస్ట్ పెట్టినా టేపర్ (ఒక చివర లావు రావడం) పోవట్లేదు, ఇంకా ఏం కొనాలి?

హంద్రీ_ఒడ్డు
మూడు నెలల కిందట ఆదోనిలో మూతపడిన ఒక జిన్నింగ్ మిల్లు వర్క్‌షాప్ నుంచి పాత లేత్ (ఇనప రాడ్డును తిప్పుతూ కోసే మిషను) కొన్నాను. మూడున్నర అడుగుల బెడ్ (కింది పోత దిమ్మ), దాని నుంచి సెంటర్ ఎత్తు 5 అంగుళాలు, మర ఉన్న స్పిండిల్ (తిరిగే ఇరుసు), అది తిరిగే గన్‌మెటల్ బుష్‌లు, వాటి మీద నూనె కప్పులు, టెయిల్‌స్టాక్‌లో (రాడ్డు రెండో చివరను ఆనించే భాగం) ఎంటీ 2 సైజు రంధ్రం. పేరు పలక ఊడిపోయింది, బటాలాలో చేసిందో రాజ్‌కోట్‌లో చేసిందో చెప్పలేను. టాటా ఏస్‌లో వేసుకొచ్చి కల్లూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను. యాంగిల్ స్టాండు చేయించి, మీద కడప బండ పరిచి, బోల్టులు వేసి గట్టిగా బిగించాను.
మా నాన్న ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగు చేస్తున్నాడు. పాత మోడళ్లకు బుష్‌లు, పిన్నులు ఇప్పుడు దొరకట్లేదు. సామాను లేదని మిషన్లు తిప్పి పంపిస్తుంటే చూడలేక ఇది కొన్నాను.
పాత చక్ (రాడ్డును పట్టే భాగం) జాలు, అంటే పట్టే దవడలు, అరిగిపోయాయని 125 మి.మీ. త్రీ జా చక్ కొత్తది తెచ్చాను. దాంతోపాటు క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ (కోసే టూల్‌ను పట్టే దిమ్మ), 16 మి.మీ. షాంక్ (కాడ) ఇన్సర్ట్ టూల్స్ (మార్చుకునే కార్బైడ్ మొనలవి). అన్నీ బిగించి, టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి 25 మి.మీ. రాడ్డు తిప్పితే 150 మి.మీ. పొడవుకు 0.15 తేడా వస్తోంది, టెయిల్‌స్టాక్ వైపు లావు. పైన చేప పొలుసుల్లా గీతలు. పార్టింగ్ టూల్ (రాడ్డు తెంపేది) పెడితే లోపలికి లాక్కుని బెల్టు జారుతోంది. స్టెడీ రెస్ట్ (పొడుగు రాడ్డును మధ్యలో ఆనించేది) కొంటే ఇది పోతుందా? లేక ఇంకా మంచి ఇన్సర్టులు కొనాలా?

నల్లమల_గాలి
ముందు పర్సు జేబులో పెట్టు అన్నా. ఫోటోలు పెట్టు, పెద్దోళ్లు వస్తారు.

తాడిపత్రి_బండ
కడప బండ అన్న దగ్గరే ఆగిపోయినా. మాది బండల పాలిష్ పనే కాబట్టి చెబుతున్నా. కడప బండ పొరలు పొరలుగా విచ్చుకునే రాయి, గని నుంచి వచ్చేదే అలా వస్తుంది. పైకి నున్నగా కనిపించినా ఒక మూలకీ ఇంకో మూలకీ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మామూలు. దాని మీద నాలుగు కాళ్లు పెట్టి బోల్టులు లాగి బిగిస్తే బండైనా పగలాలి, బెడ్ అయినా మెలి తిరగాలి. బండ పగిలిందని నువ్వు చెప్పలేదు కాబట్టి మెలి తిరిగింది నీ బెడ్డే.

కడప_కుర్రోడు
పోత ఇనుము అంత మందం ఉంటే బోల్టు బిగిస్తే మెలి తిరుగుతుందా? నమ్మబుద్ధి కావట్లేదు.

రిటైర్డ్_టర్నర్
తిరుగుతుంది నాయనా. గుంతకల్లులో ముప్పై నాలుగేళ్లు లేత్ మీద నిలబడినోణ్ణి, పది అడుగుల బెడ్ కూడా కాలి కింద పలచటి రేకు పెడితే కదలడం కళ్లారా చూసినా. లెక్క కట్టి చూడు. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు పావు మిల్లీమీటరు కిందికి ఉందనుకో, క్యారేజ్ (టూల్‌ను మోసుకెళ్లే భాగం) అటు పోయేకొద్దీ నీ వైపు ఒరుగుతుంది. టూల్ మొన బెడ్డుకు 5 అంగుళాల పైన ఉంది కదా, అందుకని అది పని నుంచి దూరం జరుగుతుంది, అక్కడ తక్కువ కోస్తుంది, లావు మిగులుతుంది. హంద్రీ అబ్బీ చెప్పింది కూడా అటువైపు లావనే.
అయితే ఒక్కదాని మీదే నేరం మోపొద్దు. టెయిల్‌స్టాక్ పక్కకు జరిగి ఉన్నా ఇదే కనిపిస్తుంది. అందుకే టెయిల్‌స్టాక్ వెనక్కి తోసేసి, చక్‌లో మాత్రమే పట్టి పరీక్ష చేయి. 30 మి.మీ. పైన లావున్న రాడ్డు, చక్ బయటికి 150 మి.మీ. రావాలి. చక్ దగ్గర ఒక పట్టీ, చివర ఒక పట్టీ వదిలి మధ్యలో సన్నగా తిప్పేయి. తర్వాత టూల్ బాగా నూరి, క్రాస్ స్లైడ్ (టూల్‌ను రాడ్డు వైపు నెట్టే భాగం) కదపకుండా ఒకే కోతలో రెండు పట్టీలూ గీకు. రెండూ మైక్రోమీటరుతో కొలిచి ఇక్కడ రాయి.
దానికన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. బండ తీసేయి. గిబ్‌లు (స్లైడ్ల వదులు సర్దే పట్టీలు) చూడు. స్పిండిల్ బుష్‌లు చూడు. స్టెడీ రెస్ట్ సంగతి తర్వాత.

హంద్రీ_ఒడ్డు
@రిటైర్డ్_టర్నర్ సార్, స్పిండిల్ బుష్‌లు ఎలా చూడాలి? డయల్ ఇండికేటర్ (మిల్లీమీటరులో వందో వంతు కదలిక చూపే ముల్లు) ఉంది.

రిటైర్డ్_టర్నర్
డయల్ బెడ్ మీద నిలబెట్టి, మొన చక్ వెనక స్పిండిల్ ముక్కు మీద ఆనించు. చక్ కింద చెక్క రీపర్ పెట్టి పైకి ఎత్తు, చేత్తో ఎంత ఎత్తగలవో అంతే. ముల్లు రెండు మూడు గీతలకు మించి కదలకూడదు. ఎక్కువ ఊగితే బుష్ టోపీ కింద ఉండే రేకుల్లో ఒకటి తీసి మళ్లీ బిగించు. బిగించాక అరగంట ఖాళీగా తిప్పి చెయ్యి పెట్టు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే రేకు తిరిగి వేయాల్సిందే.

ఆదోని_ప్రెస్
మిల్లు లేత్ అన్నావు కాబట్టి ఒకటి చెప్పాలి. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి నూగు అంతటా ఎగురుతుంటుంది. నూనె కప్పుల్లో చేరి తడిసి ముద్దయి రంధ్రం మూసేస్తుంది. కప్పు నిండుగా కనిపిస్తుంది కానీ బుష్‌కు చుక్క దిగదు. కప్పులు విప్పి, రంధ్రంలో సన్నటి తీగ దూర్చి, డీజిల్ పోసి కడుగు. ఆప్రాన్ (క్యారేజ్ ముందుండే గేర్ల పెట్టె) కూడా విప్పి చూడు.

ధర్మవరం_మగ్గం
ఆదోని_ప్రెస్ అన్నది వంద శాతం నిజం. మాకు మగ్గాల దగ్గర పట్టు నూగుతో ఇదే తంటా. బెడ్డుకు 68 నంబర్ ఆయిల్ వాడు, అంతకంటే పలచనిది వేసవిలో నిలవదు. ఇంకొకటి, తుప్పు ఉందని బెడ్ మీద ఎమ్రీ పేపర్ రుద్దకు. డీజిల్, గుడ్డ, ఓపిక, అంతే.

కడప_కుర్రోడు
ఫోన్లో లెవెల్ యాప్ ఉంది కదా, బెడ్ మీద పెట్టి చూస్తే సరిపోదా?

తాడిపత్రి_బండ
నీ ఫోన్ కెమెరా బొడిపె మీద నిలబడుతుందిరా.

రిటైర్డ్_టర్నర్
ఫోన్ పనికిరాదు, మేస్త్రీ స్పిరిట్ లెవెల్ కూడా పనికిరాదు. మిషన్లకు వాడే లెవెల్ మీటరుకు 0.02 మి.మీ. వాలు చూపిస్తుంది. అది లేదని దిగులు పడనక్కర్లేదు. లేత్ లెవెల్‌గా ఉండాలన్న రూలు లేదు, మెలి లేకుండా ఉంటే చాలు. ఓడల్లో లేత్‌లు పని చేస్తాయి, సముద్రంలో లెవెల్ ఎక్కడుంటుంది? ఆ రెండు పట్టీల పరీక్షే నిజం చెబుతుంది.

వైండింగ్_షాపు
మోటార్ సంగతి ఎవరూ అడగలేదు. ఏం మోటారు, కరెంటు ఎలా ఇచ్చావు? బెల్టు జారడం వెనక అది కూడా ఉండొచ్చు.

హంద్రీ_ఒడ్డు
1 హెచ్‌పీ త్రీ ఫేజ్, 1440 ఆర్‌పీఎం. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది. తెలిసినాయన కండెన్సర్ పెట్టి నడిపించాడు, పొలాల్లో బోరు మోటార్లు రెండు ఫేజుల మీద నడిపినట్టు. తిరుగుతోంది కానీ లోడ్ పడితే మూలుగుతుంది.

వైండింగ్_షాపు
అదే అనుకున్నా. మా షాపుకు వచ్చే కాలిన బోరు మోటార్లలో అలా కండెన్సర్ మీద నడిపినవి బోలెడు. మూడు వైండింగుల్లో కరెంటు సమంగా పారదు, బలం రాదు, వేడెక్కుతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ డబ్బా) పెట్టు. లోపలికి సింగిల్ ఫేజ్ 230, బయటికి త్రీ ఫేజ్ 230 ఇచ్చే రకం. అయితే నీ మోటారు 415కు స్టార్‌లో కట్టి ఉంటుంది, దాన్ని డెల్టాకు మార్చాలి (వైండింగులు కలిపే రెండు పద్ధతులు ఇవి). టెర్మినల్ డబ్బాలో ఆరు వైర్లు ఉంటే పట్టీలు మార్చడమే, పది నిమిషాల పని. మూడే ఉంటే లోపల స్టార్ పాయింట్ విప్పి మిగతా మూడు చివరలు బయటికి తీయాలి, అది మాలాంటోళ్ల దగ్గర చేయించు. పలక మీద 230 / 415 అని ఉందో లేదో ముందు చూసుకో.

ఆదోని_ప్రెస్
అంత ఎందుకు, సింగిల్ ఫేజ్ కెపాసిటర్ స్టార్ట్ మోటార్ ఒకటి పడేస్తే అయిపోతుంది. ఎలక్ట్రానిక్స్ మా ఎండలకు తట్టుకోవు. రేకుల షెడ్డులో మే నెలలో డబ్బా ముట్టుకుంటే కాలుతుంది.

వైండింగ్_షాపు
ఎండ మాట ఒప్పుకుంటా. వీఎఫ్‌డీని రేకుకు దగ్గరగా కాకుండా గోడకు కింద, నీడన, గాలి ఆడేలా పెట్టాలి, చిప్స్ పడకుండా చూడాలి. కానీ మెల్లగా మొదలవడం, వేగం తగ్గించుకోవడం, ఇవి సింగిల్ ఫేజ్‌లో రావు. ఒక్క హెచ్చరిక. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టొద్దు, ఆఫ్ చేసేది వీఎఫ్‌డీ బటన్లతోనే. ఎర్తింగ్ తప్పనిసరి. వేగం వీఎఫ్‌డీతో మరీ కిందికి దించితే మోటారు ఫ్యాను గాలి ఇవ్వదు, బలమూ పెరగదు. నెమ్మదిగా కోయాలంటే బ్యాక్ గేర్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్లు) ఉంది కదా, అదే వాడు.

రిటైర్డ్_టర్నర్
దీనికి తోడు ఇంకొకటి. నీ చక్ మర మీద బిగిసేది. వేగంగా తిరుగుతుండగా వీఎఫ్‌డీ బ్రేక్ వేసినా, ఒక్కసారిగా రివర్స్ ఇచ్చినా చక్ విప్పుకుని బయటికి వస్తుంది. ఆగే సమయం ఐదారు సెకన్లు పెట్టించు.

హంద్రీ_ఒడ్డు
వారం పట్టింది, రాస్తున్నా. బండ తీసేశాను. స్టాండు పైన రెండు మందపాటి సి ఛానెళ్లు అడ్డంగా వేసి, ఒక్కో కాలికి ఎత్తు సర్దే బోల్టు పెట్టాను. కుడివైపు నూనె కప్పులో నిజంగానే వేలెడు పత్తి ముద్ద వచ్చింది. చక్ కింద రీపర్ పెట్టి ఎత్తితే 0.08 ఊగింది, ఒక రేకు తీస్తే 0.02కు వచ్చింది, అరగంట తిప్పినా గోరువెచ్చగానే ఉంది. క్రాస్ స్లైడ్ గిబ్ వదులుగా ఉంది, సర్దాను. పొలుసు గీతలు సగం తగ్గాయి. ఇంకా ఉన్నాయి.

ధర్మవరం_మగ్గం
టూల్ మొన సెంటర్‌కు, అంటే రాడ్డు నడిమధ్య ఎత్తుకు, సరిగ్గా ఉందా? 5 అంగుళాల లేత్‌కు 16 మి.మీ. షాంక్ అన్నావు, నాకు మొదటి నుంచీ అనుమానం.

రిటైర్డ్_టర్నర్
స్కేలుతో చూడు. రాడ్డుకూ టూల్ మొనకూ మధ్య ఆరంగుళాల పలచటి స్టీల్ స్కేలు పెట్టి మెత్తగా నొక్కు. నిటారుగా నిలబడితే సెంటర్ సరిగ్గా ఉన్నట్టు. పై అంచు నీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది. అవతలికి వాలితే పైకి ఉంది.

హంద్రీ_ఒడ్డు
అవతలికి వాలింది! హోల్డర్ అట్టడుగుకు దించినా మిల్లీమీటరున్నర పైనే ఉంటోంది. ఇంకా కిందికి పోదు.

ధర్మవరం_మగ్గం
చూశావా. మొన సెంటర్‌కు పైన ఉంటే కోయదు, టూల్ పొట్ట రాడ్డుకు రాసుకుంటుంది, అందుకే వణుకు. నీ టూల్ పోస్ట్ తప్పు కాదు, షాంక్ తప్పు. 12 మి.మీ. షాంక్ పెట్టు, లేకపోతే 10 మి.మీ. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ నేరుగా పెట్టు. కాంపౌండ్ స్లైడ్‌లో (పోస్ట్ కూర్చునే పై స్లైడ్) టీ నట్, అంటే పోస్ట్‌ను పట్టే నట్టు, కూడా చూసుకో. పోస్ట్‌తో వచ్చే ముక్క పెద్దదిగా ఉంటుంది, మన గాడికి తగ్గట్టు తగ్గించుకోవాలి. గాడిలో నిండుగా కూర్చోకపోతే పోస్ట్ ఎంత బిగించినా లేస్తుంది.

కడప_కుర్రోడు
ఇప్పుడంతా కార్బైడ్ ఇన్సర్టులే కదా, హెచ్ఎస్ఎస్ ఎవరు నూరుకుంటారు?

రిటైర్డ్_టర్నర్
నేను నూరుకుంటా. లెక్క చెబుతా విను. హెచ్ఎస్ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 25 మీటర్ల వేగం చాలు. 25 మి.మీ. రాడ్డుకు అది 320 ఆర్‌పీఎం దగ్గర. కార్బైడ్‌కు వంద మీటర్లు ఇవ్వాలంటే అదే రాడ్డు 1270 తిరగాలి, కోత లోతుగా ఉండాలి, మిషను కదలకూడదు. గన్‌మెటల్ బుష్‌ల పాత లేత్‌ను అంత వేగంగా రోజంతా తిప్పితే బుష్‌లు పోతాయి. హెచ్ఎస్ఎస్ మొన పదునుగా నూరితే మిల్లీమీటరులో ఐదు వందో వంతులు కూడా గీకుతుంది, చిన్న బుష్‌లకు అదే కావాలి.
నూరేటప్పుడు మామూలు గ్రైండర్ రాయి చాలు, వేడెక్కితే నీళ్లలో ముంచు. బ్రేజింగ్ చేసిన కార్బైడ్ అయితే మాత్రం పచ్చ రాయి మీదే నూరాలి, నీళ్లలో ముంచకూడదు, పగులుతుంది.

కడప_కుర్రోడు
సరే సార్, మా కాలేజీలో ఇవి ఎవరూ చెప్పలేదు. నేనూ ఒక బిట్ నూరి చూస్తా.

నల్లమల_గాలి
చూపు జాగ్రత్త తమ్ముడూ, కళ్లద్దాలు పెట్టుకో. నిప్పురవ్వలు నీ సెల్ఫీ కోసం ఆగవు.

ఆదోని_ప్రెస్
@హంద్రీ_ఒడ్డు కొత్త చక్ ఎంత ఊగుతోంది? బ్యాక్ ప్లేటు (చక్‌ను స్పిండిల్‌కు కలిపే పలక) ఎక్కడ చేయించావు?

హంద్రీ_ఒడ్డు
బ్యాక్ ప్లేటు బయట ఒక లేత్ షాపులో చేయించాను, మర కూడా అక్కడే కోశారు. రాడ్డు పట్టి డయల్ పెడితే 0.25 ఊగుతోంది. అందుకే ఆ చక్ మంచిది కాదేమోనని బాధగా ఉంది.

ఆదోని_ప్రెస్
చక్ తప్పు అయ్యుండదు. బ్యాక్ ప్లేటును వాళ్ల స్పిండిల్ మీద తిప్పారు, నీ స్పిండిల్ వేరు. చక్ విప్పి, బ్యాక్ ప్లేటును నీ లేత్ మీదే బిగించి, ముఖం ఒక సన్న కోత, చక్ కూర్చునే మెట్టు ఒక సన్న కోత తీయి. మెట్టు కోసేటప్పుడు చక్ తెచ్చి ఆనించి చూసుకుంటూ పో, చేత్తో నెడితే కూర్చోవాలి, ఆడకూడదు. బిగించే ముందు స్పిండిల్ మరలో ఒక్క చిప్ కూడా లేకుండా బ్రష్‌తో తుడువు. వెంట్రుకంత చిప్ చాలు చక్ వంకర కూర్చోడానికి. జాలు ఎప్పుడు తీసినా 1, 2, 3 నంబర్ల వరసలోనే వేయాలి.
త్రీ జా చక్‌లో 0.05 నుంచి 0.1 వరకూ ఊగడం మామూలే, దానికి బాధపడొద్దు. సున్నా కావాలంటే ఫోర్ జా చక్ తీసుకుని డయల్‌తో సర్దుకోవాలి. నన్నడిగితే స్టెడీ రెస్ట్ డబ్బులు ఫోర్ జాకు పెట్టు. మీకు సికింద్రాబాద్ రాణిగంజ్ బజారు దగ్గరవుతుంది, అక్కడ చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవచ్చు.

ధర్మవరం_మగ్గం
మాకైతే బెంగళూరే దగ్గర. ఎక్కడైనా కొనే ముందు కీ పెట్టి జాలు మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూడాలి, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు.

హంద్రీ_ఒడ్డు
బ్యాక్ ప్లేటు నా స్పిండిల్ మీద తిప్పాను. 0.25 కాస్తా 0.06 అయింది. 10 మి.మీ. హెచ్ఎస్ఎస్ బిట్ పెట్టాను, పొలుసులు పోయాయి.
ఇప్పుడు రెండు పట్టీల పరీక్ష. 32 మి.మీ. రాడ్డు, పట్టీల మధ్య 120 మి.మీ. చక్ దగ్గర 31.20, చివర 31.26.

రిటైర్డ్_టర్నర్
చివర 0.06 లావు. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు, అంటే నువ్వు నిలబడే వైపు, కొంచెం పైకి లేవాలి. ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే పలచటి రేకులు) పట్టీ 0.20ది కాలి కింద పెట్టి బిగించి, మళ్లీ ఒక సన్న కోత తీసి కొలువు. ఫీలర్ లేకపోతే కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కత్తిరించు, ఆ రేకు సుమారు 0.1 ఉంటుంది.

హంద్రీ_ఒడ్డు
0.20 పట్టీ పెట్టాను. చక్ దగ్గర 31.08, చివర 31.09. మళ్లీ మళ్లీ కొలిచాను సార్. నాన్నతో కూడా కొలిపించాను.

తాడిపత్రి_బండ
శభాష్! బండ మాట విన్నందుకు సంతోషం.

రిటైర్డ్_టర్నర్
చాలా బాగుంది. ఇప్పుడు టెయిల్‌స్టాక్. రెండు సెంటర్ల మధ్య 200 మి.మీ. రాడ్డు పట్టి ఒక కోత తీసి రెండు చివరలూ కొలువు. తేడాలో సగమే జరపాలి, ఇది గుర్తు పెట్టుకో. టెయిల్‌స్టాక్ వైపు లావుంటే దాన్ని నీ వైపుకు జరుపు. పక్క మరలు ఒకటి వదులు చేసి ఇంకోటి బిగించాలి, పక్కన డయల్ ఆనించి ఎంత జరిగిందో చూసుకుంటూ.

వైండింగ్_షాపు
మోటారు ఏం చేశావు?

హంద్రీ_ఒడ్డు
డబ్బాలో ఆరు వైర్లే ఉన్నాయి, పలక మీద 230 / 415 ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డెల్టాకు మార్పించి వీఎఫ్‌డీ పెట్టించాను. ఆగే సమయం 6 సెకన్లు. మూలుగు పోయింది. పార్టింగ్ కూడా చేశాను, చక్‌కు దగ్గరగా పట్టి, టూల్ బయటికి తక్కువ తీసి, క్యారేజ్ బిగించి, బ్యాక్ గేర్‌లో నూనె చుక్కలు వేస్తూ. సన్నటి రింగుల్లా చిప్స్ చుట్టుకుంటూ వచ్చాయి, చూస్తూ నిలబడిపోయాను.
ఇంకో సందేహం. లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు క్యారేజ్‌ను నడిపేది) అంగుళానికి 8 మరలది. 1.5 మి.మీ. పిచ్ (మరకూ మరకూ ఎడం) మర కోయగలనా?

ఆదోని_ప్రెస్
127 పళ్ల గేరు కావాలి. అంగుళం అంటే 25.4, దాన్ని ఐదుతో గుణిస్తే 127. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, కానీ పాత లేత్‌ల లీడ్ స్క్రూలు అంగుళాల్లోనే ఉండిపోయాయి. నీ దానికి స్పిండిల్ వైపు 60, లీడ్ స్క్రూ వైపు 127 పెడితే సరిగ్గా 1.5 వస్తుంది, మధ్యలో ఏదైనా ఐడ్లర్ (రెంటినీ కలిపే గేరు). 127 పట్టే చోటు లేకపోతే 63 పళ్ల గేరుతో దగ్గరి లెక్క ఉంది. 60కి 100, 63కి 80. తేడా వంద మిల్లీమీటర్ల మరకు మిల్లీమీటరులో ఒక వందో వంతు పైచిలుకు, మన పనికి కనబడదు. ఒక్కటే నియమం, మర పూర్తయ్యే దాకా హాఫ్ నట్ (క్యారేజ్‌ను లీడ్ స్క్రూకు పట్టించేది) విప్పొద్దు. టూల్ వెనక్కి లాగి, మెల్లగా రివర్స్‌లో తెచ్చుకో.

రిటైర్డ్_టర్నర్
ఒక మాట రాయకుండా ఉండలేను. నేను చేరిన కొత్తలో నా పక్క లేత్ మీద కుర్రవాడు చక్ కీ చక్‌లోనే వదిలి స్విచ్ వేశాడు. కీ ఎగిరి ట్యూబ్‌లైట్ పగలగొట్టి గోడకు తగిలి వచ్చి వాడి కనుబొమ్మ చీల్చింది. అంగుళం కిందైతే కన్నే. ఆ రోజు నుంచి నా చెయ్యి కీ మీద ఉన్నంతసేపే కీ చక్‌లో ఉంటుంది. చేతికి గ్లౌజు వద్దు, లుంగీ వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు. చిప్స్ చేత్తో లాగొద్దు, కొక్కెం చేసుకో. మీ నాన్నగారు కూడా అక్కడ నిలబడతారు కాబట్టి చెబుతున్నా.

హంద్రీ_ఒడ్డు
కీకి స్ప్రింగ్ తొడిగాను సార్, వదిలితే దానంతటదే బయటికి వస్తుంది. నాన్న లుంగీ మాని ప్యాంటు వేసుకుని వస్తున్నాడు షెడ్డుకి.
నిన్న మొదటి బుష్ చేశాను. కుట్టుమిషను పై షాఫ్టుది, గన్‌మెటల్. బయట 14.02, లోపల రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా చేసేది) వేశాను. నాన్న షాఫ్టు తుడిచి, చుక్క నూనె రాసి, బుష్ తొడిగి వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, తిప్పి పంపేసిన మిషన్ల వాళ్ల నంబర్లున్న నోటుబుక్కు తెచ్చుకున్నాడు.

ధర్మవరం_మగ్గం
ఎంతమంది ఉన్నారు?

హంద్రీ_ఒడ్డు
పదకొండు మంది. ఇద్దరు అప్పుడే మిషను తెచ్చి పెట్టిపోయారు.

తాడిపత్రి_బండ
అన్నా, ఆ తీసేసిన బండ ఏం చేశావు?

హంద్రీ_ఒడ్డు
అమ్మ బట్టలుతికే చోట వేయించుకుంది.